మీ క్లబ్ గోల్ఫ్ కోర్సు రెనొవేషన్‌కి ఓటు అడుగుతోందా? అమెరికాలోని తెలుగు మెంబర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అట్లాంటా, షార్లెట్, డాలస్, న్యూజెర్సీ చుట్టుపక్కల ప్రైవేట్ క్లబ్బుల్లో మనవాళ్ళు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. పిల్లల స్విమ్మింగ్ కోసం చేరి గోల్ఫ్ అంటించుకున్నవాళ్ళు కొందరు, ఆఫీసు వాళ్ళతో సరదాగా మొదలుపెట్టి ఇప్పుడు శనివారం టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) దొరక్కపోతే ఇంట్లో చిరాకుపడేవాళ్ళు కొందరు. అలాంటివాళ్ళకి ఒకరోజు బోర్డు నుంచి ఈమెయిల్ వస్తుంది. కోర్సు మొత్తం రెనొవేట్ చేయబోతున్నాం, టౌన్ హాల్ మీటింగ్‌కి రండి, ఆ తర్వాత ఓటింగ్ ఉంటుంది అని. కింద ఎక్కడో అసెస్‌మెంట్ అంకె, అంటే ఒక్కో మెంబర్ కట్టాల్సిన వాటా. ఇక వాట్సాప్ గ్రూపులో టెన్షన్ మొదలు. అక్కడ పదే పదే వచ్చే ప్రశ్నలే ఇవి. నా మాట ముందే చెప్పేస్తాను: ప్లాన్‌లో నేల కింద ఎంత డబ్బు పెడుతున్నారో చూసి ఓటేయండి.

కోర్సు చూడటానికి బాగానే ఉంది కదా, ఇప్పుడు తవ్వడం దేనికి?

పైకి కనిపించే పచ్చదనం కోర్సు బాగోగులు చూసే సూపరింటెండెంట్ కష్టం. నేల కింద ఉన్నవాటికి మాత్రం ఆయుష్షు ఉంటుంది. అమెరికన్ సొసైటీ ఆఫ్ గోల్ఫ్ కోర్స్ ఆర్కిటెక్ట్స్ వాళ్ళు దీనికి ఒక పట్టిక వేశారు. గ్రీన్స్ (జెండా ఉండే నున్నటి గడ్డి) 15 నుంచి 30 ఏళ్ళు, టీలు (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోట్లు) 15 నుంచి 20 ఏళ్ళు, పంపు స్టేషన్ 15 నుంచి 20 ఏళ్ళు, బంకర్లలో (ఇసుక గుంతల్లో) ఇసుక 5 నుంచి 7 ఏళ్ళు, బంకర్ కింది డ్రైనేజీ పైపులు 5 నుంచి 10 ఏళ్ళు. 1990లలో ఇళ్ళతోపాటు కట్టిన సబర్బన్ క్లబ్బులు చాలావాటిలో ఇవన్నీ ఒకేసారి గడువు దాటుతున్నాయి. పోయినప్పుడు చూసుకుందాం అనుకుంటే ఒకే ఎండాకాలంలో రెండు మూడు గ్రీన్స్ చచ్చిపోయి, పైపు పగిలి, ఆ హడావుడిలో దొరికిన కాంట్రాక్టర్‌కి అడిగినంతా ఇవ్వాల్సి వస్తుంది.

మీకు నమ్మకం కుదరకపోతే సూపరింటెండెంట్‌ని ఒక్కసారి అడగండి, చూపిస్తారు. జెండా కోసం గుంత తీసే కప్ కట్టర్‌ని గ్రీన్‌లోకి దించి తిప్పి పైకి లాగితే, గ్లాసు మందాన ఒక మట్టి ముద్ద బయటికి వస్తుంది. ఏటా పైన చల్లిన ఇసుక చారలు చారలుగా కనిపిస్తుంది. మధ్యలో కుళ్ళిన గడ్డి వేళ్ళ పొర. దాని కింద ఒక్కోసారి నల్లటి పట్టీ. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. నీళ్ళు దిగక, గాలి ఆడక వచ్చే వాసన అది. వేళ్ళు ఆ పట్టీ దగ్గరికొచ్చి ఆగిపోతాయి. జులైలో మీ గ్రీన్ ఎందుకు పసుపుపచ్చగా మారుతోందో అక్కడే తెలిసిపోతుంది.

మాస్టర్ ప్లాన్ అంటే ఆ రంగుల బొమ్మేనా?

క్లబ్‌హౌస్ గోడకి అంటించే బొమ్మ అందులో ఒక భాగం మాత్రమే. సరైన మాస్టర్ ప్లాన్‌తోపాటు హోల్ వారీగా వివరణ, మట్టి పరీక్షల రిపోర్టు, నీళ్ళు ఎటు పారుతున్నాయో చూపే సర్వే, ఇరిగేషన్ డిజైన్, ఏ పని ముందు ఏది తర్వాత అన్న వరస, అంకెలతో బడ్జెట్ ఉండాలి. బొమ్మ ఒక్కటే చూపించి ఓటు అడిగితే మిగతావి ఏవని అడగండి. అడగటం తప్పేం కాదు, డబ్బు మీది.

ఇంకో మాట. ప్లాన్ ఆమోదించినంత మాత్రాన పని మొత్తం రేపే మొదలవ్వాలని లేదు. మంచి ప్లాన్ ఉన్న క్లబ్ అందులోని ముక్కల్ని పదేళ్ళ మీద చేసుకోవచ్చు. ప్లాన్ లేని క్లబ్‌లో మాత్రం గ్రీన్స్ కమిటీ ఛైర్మన్ మారినప్పుడల్లా ఒక బంకర్ పుడుతుంది, ఇంకోటి పూడుతుంది.

రెస్టొరేషన్, రెనొవేషన్, రీడిజైన్: ఈ మూడింటికీ తేడా ఏమిటి?

పాత ఆర్కిటెక్ట్ వేసిన రూపానికి వీలైనంత దగ్గరగా తీసుకెళ్ళడం రెస్టొరేషన్. ఉన్న రూపం ఉంచి, అరిగినవి మార్చడం రెనొవేషన్. హోల్స్ దారి, గ్రీన్స్ చోటు కూడా మార్చేస్తే రీడిజైన్. టౌన్ హాల్‌లో ఈ మూడు మాటల్నీ కలిపి వాడేస్తుంటారు. మీ ప్లాన్ ఏదో స్పష్టంగా చెప్పించుకోండి, ఎందుకంటే ఖర్చూ గొడవా దాన్నిబట్టే ఉంటాయి.

అట్లాంటా వాళ్ళకి దగ్గరి ఉదాహరణ ఈస్ట్ లేక్ క్లబ్. 2023 ఆగస్టులో టూర్ ఛాంపియన్‌షిప్ అయిపోగానే మూసి, తర్వాతి ఏడాది అదే టోర్నమెంట్ నాటికి తెరిచారు. ఆర్కిటెక్ట్ ఆండ్రూ గ్రీన్. పాతకాలపు ఆర్కిటెక్ట్ డొనాల్డ్ రాస్ నాటి ఆకారానికి ఆయనకి దారి చూపింది 1949లో విమానం నుంచి తీసిన ఒక ఫొటో. ఆ ఫొటోలో కనిపించిన గ్రీన్స్ అంచులు, బంకర్ల ఆకారాలు చూసుకుంటూ పని చేశారు. అదే ఆండ్రూ గ్రీన్ అంతకుముందు రోచెస్టర్‌లోని ఓక్ హిల్ ఈస్ట్ కోర్సులో 1970లలో మార్చిన హోల్స్‌ని మళ్ళీ రాస్ పద్ధతికి తెచ్చారు. 2023 పీజీఏ ఛాంపియన్‌షిప్ అక్కడే జరిగింది.

మీ కోర్సు 1920లది, రాసో, ఆ కాలపు మరో ఆర్కిటెక్ట్ టిల్లింగ్‌హాస్టో వేసినదైతే పాత కాగితాల కోసం వెతకడం దండగ కాదు. రాస్ డ్రాయింగులు నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్‌లో టఫ్ట్స్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1930లు, 40లలో ప్రభుత్వం వ్యవసాయ భూములని విమానాల నుంచి ఫొటోలు తీయించింది. వాటిలో గోల్ఫ్ కోర్సులూ పడ్డాయి. మీది 1995లో ఇళ్ళ మధ్య వేసిన కోర్సైతే మాత్రం చరిత్ర పేరు చెప్పి ఎక్కువ ఫీజు తీసుకునే ప్రెజెంటేషన్‌కి పడిపోకండి. అక్కడ కావాల్సింది డ్రైనేజీ.

పేరున్న ఆర్కిటెక్టే కావాలా?

గిల్ హాన్స్, కూర్ అండ్ క్రెన్‌షా లాంటివాళ్ళ కోసం పెద్ద క్లబ్బులే క్యూలో ఉంటాయి. మీ క్లబ్‌కి అవసరం లేకపోవచ్చు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: పని నడుస్తున్నన్నాళ్ళూ ఆర్కిటెక్ట్ సైటుకి ఎన్నిసార్లు వస్తారు? ఆయన రానప్పుడు బుల్‌డోజర్ మీద కూర్చుని గ్రీన్ ఆకారం దిద్దే షేపర్ ఎవరు? గ్రీన్ వంపులు నిజంగా తేలేది ఆ షేపర్ చేతిలోనే. పేరున్న ఆర్కిటెక్ట్ పేరు చెప్పి, ఆయన అసిస్టెంట్ డ్రాయింగ్‌తో, తెలియని షేపర్‌తో చేయిస్తే మిగిలేది స్కోర్‌కార్డు మీద పేరే. ఆ ఆర్కిటెక్ట్ ఐదారేళ్ళ కిందట పూర్తిచేసిన రెండు కోర్సులకి వెళ్ళి అక్కడి సూపరింటెండెంట్‌తో మాట్లాడి రమ్మనండి కమిటీని. కొత్తగా తెరిచిన కోర్సు ఏదైనా బాగానే ఉంటుంది. ఐదేళ్ళ వానలు తిన్నాక ఎలా ఉందన్నదే లెక్క.

గ్రీన్స్ మొత్తం తవ్వాలా? గడ్డి మారిస్తే చాలదా?

దాదాపు ప్రతి క్లబ్‌లోనూ పెద్ద వాదన ఇదే. పాత గ్రీన్స్ చాలావరకు అక్కడి మట్టినే పైకి తోసి కట్టినవి. 1960లో యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం) ఒక పద్ధతి ప్రకటించింది. ఇప్పటికీ కొద్ది మార్పులతో అదే నడుస్తోంది. అడుగున 15 అడుగులకు మించని దూరంలో డ్రైనేజీ పైపులు, వాటి మీద 4 అంగుళాల కంకర, దాని మీద 12 అంగుళాల ఇసుక మిశ్రమం. మామూలప్పుడు ఇసుక తేమని పట్టి ఉంచుతుంది, పెద్ద వాన పడితే నీళ్ళు కిందికి వదిలేస్తుంది. ఇసుక రేణువుల సైజు, కంకర సైజు రెండూ లాబ్‌లో పరీక్షించి సరిపోవాలి. లేకపోతే పద్ధతి మొత్తం పని చేయదు. దీనికి ఇంత ఖర్చేమిటి, ఇసుకే కదా అని మీటింగ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కావాల్సిన సైజు ఇసుక ఎక్కడపడితే అక్కడ దొరకదు, వందల లారీల్లో రావాలి, ప్రతి కొన్ని లోడ్లకీ మళ్ళీ టెస్ట్ చేయాలి.

గ్రీన్ కింది నిర్మాణం బాగుండి, గడ్డి మాత్రమే చెడిపోతే తవ్వక్కర్లేదు. పాత గడ్డిని చంపి, పైపొర తీసి, కొత్తది నాటొచ్చు. నెలలు మిగులుతాయి, లక్షల డాలర్లు మిగులుతాయి. ఏది మీ పరిస్థితో తేల్చాల్సింది పైన చెప్పిన కప్ కట్టర్ ముద్ద, లాబ్ రిపోర్టు. బార్‌లో కూర్చుని అరిచేవాళ్ళు కాదు. బయటి మనిషి మాట కావాలంటే యూఎస్‌జీఏ గ్రీన్ సెక్షన్ వాళ్ళ ఆగ్రానమిస్టులు (గడ్డి, మట్టి నిపుణులు) ఫీజు తీసుకుని కోర్సుకొచ్చి చూసి రిపోర్టు ఇస్తారు. ఆ రిపోర్టు మెంబర్లందరికీ పంపమనండి.

మన గ్రీన్స్ వంపులు భలే ఉంటాయి, తవ్వితే పోతాయని కొందరి భయం. పోనక్కర్లేదు. ముందే లేజర్‌తో స్కాన్ చేసి, మళ్ళీ అవే వంపులు కట్టొచ్చు. కాకపోతే ఒక చిక్కుంది. వంద ఏళ్ళ కిందటి గ్రీన్స్ మీద బంతి నెమ్మదిగా వెళ్ళేది. ఇప్పుడు గ్రీన్ స్పీడు కొలిచే స్టింప్‌మీటర్ మీద 11 కావాలంటున్నాం. ఆ స్పీడుకి మూడు శాతం దాటిన వాలు మీద జెండా పెడితే బంతి ఆగదు. అందుకే చాలాచోట్ల వంపులు కాస్త తగ్గిస్తారు, లేదా ఏళ్ళ తరబడి మిషన్ కోతలో కుంచించుకుపోయిన గ్రీన్ అంచుల్ని మళ్ళీ బయటికి జరిపి జెండాకి కొత్త చోట్లు సంపాదిస్తారు. నా ఓటు రెండోదానికే.

ఏ గడ్డి వేస్తున్నారో నాకెందుకు?

మీరు ఏ నెలల్లో ఆడగలరో, క్లబ్ ఎంతమంది పనివాళ్ళని పెట్టుకోవాలో గడ్డే నిర్ణయిస్తుంది. ఉత్తరాన న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్‌లలో గ్రీన్స్ మీద బెంట్‌గ్రాస్. దక్షిణాదిన ఎండకి బెంట్ ఏడుస్తుంది. రాత్రుళ్ళు కూడా చల్లబడకపోతే వేళ్ళు కుదించుకుపోతాయి. ఫ్యాన్లు పెట్టి, మధ్యాహ్నం చేత్తో నీళ్ళు చల్లి కాపాడాలి. అందుకే అట్లాంటా చుట్టుపక్కల చాలా క్లబ్బులు అల్ట్రాడ్వార్ఫ్ బెర్ముడాకి మారాయి. ఛాంపియన్, మినీవెర్డే, టిఫ్ఈగిల్ అని వినిపించే పేర్లు అవే. నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్సు కూడా 2014లో యూఎస్ ఓపెన్లు అయిపోయాక బెంట్ తీసేసి ఛాంపియన్ వేసింది.

బెర్ముడా అంటే మరేదో కాదు, మన గరికే. వినాయకచవితికి పత్రిలో పెట్టేదే. గ్రీన్స్ మీద వేసేది ఆ గరికని ఆఫ్రికా రకంతో కలిపి తెచ్చిన సంకరం. చేలో పీకినా చావని మొండితనం ఎండలో పనికొస్తుంది. దాని బలహీనత నీడ, చలి. రోజుకి 8 గంటల ఎండ లేకపోతే పలచబడుతుంది. చలికాలంలో ఉష్ణోగ్రత 25 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి పడుతుందంటే రాత్రి పనివాళ్ళు వచ్చి 18 గ్రీన్స్ మీదా కవర్లు పరవాలి, ఎండ వచ్చాక తీయాలి. గడ్డి మారిస్తే మెయింటెనెన్స్ ఖర్చు తగ్గుతుందని బోర్డు చెబితే, ఈ కవర్ల ఖర్చు కలిపి చెప్పారా అని అడగండి.

డాలస్ వైపు మట్టి సంగతి ప్రత్యేకమా?

అవును. ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ ఉన్నది బ్లాక్‌లాండ్ ప్రెయిరీ మీద. అది మన నల్లరేగడి జాతి మట్టే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత పగుళ్ళు తీస్తుంది. గుంటూరులోనో ఆదిలాబాద్‌లోనో పత్తి చేను చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ కదలికకి కార్ట్ పాత్ కాంక్రీటు పగులుతుంది, పైపుల అతుకులు ఊడతాయి, టీలు వంకరపోతాయి. అందుకే అక్కడి ప్లాన్‌లో జిగురుతో అతికించే పీవీసీ కన్నా, వేడితో ఒకటిగా కలిపేసే హెచ్‌డీపీఈ పైపు ఉందో లేదో చూడండి. ఖరీదు ఎక్కువే. కానీ ఆ మట్టిలో అతుకు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

బంకర్ల మీద ఇంత ఖర్చా?

రాత్రి పెద్ద వాన పడ్డాక తెల్లారి ఆరింటికి ఒకసారి కోర్సుకి వెళ్ళి చూడండి. ఏటవాలు గోడల మీది ఇసుకంతా జారి అడుగున చేరి ఉంటుంది. గోడ మీద ఎర్రమట్టి బయటపడి, నీళ్ళు టీ రంగులో నిలబడి ఉంటాయి. ఎనిమిదిమంది పారలు పట్టుకుని ఆ ఇసుకని మళ్ళీ పైకి తోస్తుంటారు. పారతో గీకినప్పుడల్లా కొంత మట్టి ఇసుకలో కలుస్తుంది. ఆ మట్టి కిందికి దిగి పైపుని మూసేస్తుంది. తర్వాతి వానకి నీళ్ళు ఇంకా ఎక్కువసేపు నిలుస్తాయి. ఆ రోజు గ్రీన్స్ కోయాల్సిన మనుషులు బంకర్లలో ఉంటారు.

మట్టికీ ఇసుకకీ మధ్య లైనర్ వేస్తే ఈ బాధ చాలావరకు పోతుంది. కంకర పరిచి పైన పాలిమర్ చల్లే బెటర్ బిల్లీ బంకర్, నీళ్ళు దిగే కాంక్రీటు లాంటి క్యాపిలరీ కాంక్రీట్ ఎక్కువగా వినిపించే పద్ధతులు. మొదటి ఖర్చు ఎక్కువ. అందుకే తెలివైన క్లబ్బులు ముందు బంకర్ల సంఖ్య తగ్గించి, మిగిలినవాటికి లైనర్ వేయిస్తాయి. ఎవరి బంతీ పడని చోట, ఎప్పుడో అలంకారానికి పెట్టిన బంకర్ పూడిస్తే ఎవరికీ నష్టం లేదు.

చెట్లు కొట్టేస్తున్నారు. ఇది అన్యాయం కాదా?

ఎక్కువ కోపం వచ్చేది ఇక్కడే. మనవాళ్ళకి చెట్టు మీద మమకారం ఎక్కువ, అది మంచిదే. కానీ గ్రీన్‌కి తూర్పున నిలబడ్డ చెట్టు పొద్దుటి ఎండని ఆపేస్తుంది, దాని వేళ్ళు నీళ్ళు తాగేస్తాయి, గాలి ఆడదు, గడ్డికి తెగులు పడుతుంది. పిట్స్‌బర్గ్ దగ్గరి ఓక్‌మాంట్ 1903లో చెట్లు పెద్దగా లేని మైదానంగా మొదలైంది. తర్వాతి కాలంలో వేల చెట్లు నాటారు. 1990లలో వాటిని కొట్టడం మొదలుపెట్టినప్పుడు మెంబర్లకి తెలియకుండా చీకటితో కోసి, తెల్లారేసరికి ఆనవాలు లేకుండా సర్దేసేవారు. తెలిశాక పెద్ద గొడవే అయింది. చివరికి వేల చెట్లు పోయాయి, గాలీ వెలుతురూ వచ్చాయి. ఇప్పుడు ఆ కోర్సుని చూసే మిగతా క్లబ్బులు ధైర్యం తెచ్చుకుంటున్నాయి.

అలా దొంగచాటుగా చేయడం మాత్రం నాకు నచ్చదు. ఏ చెట్టు, ఏ గ్రీన్ కోసం, ఎన్ని గంటల ఎండ వస్తుంది: ఇది ఫోన్ యాప్‌తో కూడా చూపించొచ్చు. చెట్ల మీద రిబ్బన్లు కట్టి, ఒక శనివారం మెంబర్లని తీసుకెళ్ళి చూపించమని అడగండి. సగం కోపం అక్కడే తీరుతుంది.

ఇరిగేషన్ మార్చకుండా మిగతావి చేసుకుంటే డబ్బు మిగలదా?

మిగలదు. కొత్త ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి దారి) వేసి రెండేళ్ళకి పైపు కోసం దాన్నే తవ్వడం కన్నా పిచ్చి పని లేదు. ఇరిగేషన్ ఒక్కటే ఇరవై, ముప్పై లక్షల డాలర్లు దాటడం ఇప్పుడు మామూలే. అందుకే బోర్డులు దాన్ని తర్వాతి దశకి తోసేయాలని చూస్తాయి. ఎక్కడ గడ్డి కావాలో ముందు తేల్చుకుంటే ఆ ఖర్చూ తగ్గుతుంది. పైన్‌హర్స్ట్ నంబర్ 2లో కూర్, క్రెన్‌షా 2010, 2011లలో దాదాపు 35 ఎకరాల గడ్డి తీసేసి ఇసుక నేల వదిలారు. అంతకుముందు సుమారు 1,150 ఉన్న స్ప్రింక్లర్లు 450కి దిగాయి.

కొత్త టీలు ఎందుకు? ఉన్నవి చాలవా?

వెనకాల పొడుగు టీలు కట్టడానికి అందరికీ ఉత్సాహమే, వాటి మీద ఆడేది పదిమంది. కావాల్సింది ముందు టీలు. ఎండాకాలం ఇండియా నుంచి వచ్చిన నాన్నగారినో మావయ్యగారినో కోర్సుకి తీసుకెళ్ళినప్పుడు, డ్రైవర్‌తో 130 గజాలు కొట్టే మనిషికి 5,300 గజాల కోర్సు అంటే ప్రతి హోల్ మీదా కొండెక్కినట్టే. ఆడవాళ్ళకి, పదేళ్ళ పిల్లలకి కూడా అంతే. 4,200 గజాల దగ్గర నిజంగా ఆలోచించి కట్టిన టీలు ఉంటే వాళ్ళూ గ్రీన్‌ని రెండు మూడు దెబ్బల్లో అందుకుంటారు. ఫెయిర్‌వే పక్కన రెండు గుర్తులు పాతి ముందు టీ అని పిలవడం చెల్లదు. చదునుగా ఉందా, దానికి నీళ్ళు అందుతాయా చూడండి. ప్లాన్‌లో తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి పనికొచ్చేది ఇదేనని నా అభిప్రాయం.

మొత్తం ఎంత అవుతుంది, ఎవరు కట్టాలి?

18 హోల్స్‌కి గ్రీన్స్, బంకర్లు, ఇరిగేషన్ అన్నీ కలిపి చేస్తే కోటి డాలర్లు దాటడం ఇప్పుడు వింత కాదు. ముందు మీ క్లబ్ ఎవరిదో చూసుకోండి. మెంబర్ల సొంతమైన ఈక్విటీ క్లబ్ అయితే బైలాస్‌ని బట్టి మీకు ఓటు ఉంటుంది, బిల్లూ మీదే. కంపెనీ చేతిలో ఉన్న క్లబ్ అయితే ఓటు సాధారణంగా ఉండదు, ఖర్చు డ్యూస్‌లో (క్లబ్‌కి క్రమంగా కట్టే ఫీజులో) కలిసి వస్తుంది.

లెక్క కోసం 400 మంది మెంబర్లు, కోటీ ఇరవై లక్షల డాలర్ల పని అనుకుందాం. తలకి 30,000. ఒకేసారి కట్టమంటే అది అసెస్‌మెంట్. క్లబ్ అప్పు చేసి 7 శాతం వడ్డీకి పదేళ్ళ మీద తీరిస్తే నెలకి సుమారు 348 డాలర్లు, మొత్తం దాదాపు 41,800. మనలో చాలామంది ఇంటి లోన్ లెక్క నిద్రలో కూడా వేస్తారు కాబట్టి ఇది ఎక్కువ చెప్పను. కానీ మూడు విషయాలు కాగితం మీద ఉన్నాయో లేదో చూడండి. అనుకోని ఖర్చుకి కనీసం పది శాతం పక్కన పెట్టారా? కోర్సు మూసినన్నాళ్ళూ గెస్ట్ ఫీజు, కార్ట్ ఫీజు, రెస్టారెంట్ ఆదాయం పడిపోతాయి కదా, అది కలిపారా? మెంబర్లలో వంద మంది వెళ్ళిపోతే మిగతావాళ్ళ వాటా ఎంత? మూడోదానికి జవాబు చెప్పేటప్పుడు ట్రెజరర్ గొంతు ఎలా ఉందో గమనించండి.

బయటివాళ్ళని ఆడించి ఆ డబ్బుతో చేయొచ్చు కదా?

కొంతవరకే. లాభాపేక్ష లేని సోషల్ క్లబ్‌గా ఫెడరల్ ట్యాక్స్ మినహాయింపు ఉంటే, మెంబర్లు కానివాళ్ళు క్లబ్‌ని వాడుకున్నందుకు వచ్చే ఆదాయం మొత్తం రాబడిలో 15 శాతం దాటకూడదు. బయటివాళ్ళ పెళ్ళి రిసెప్షన్లు, కంపెనీ అవుటింగులు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

వచ్చే ఏడాది ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్ళిపోతే?

బైలాస్ తీసి చదవండి. కొన్ని క్లబ్బుల్లో రాజీనామా చేసినా అప్పటికే ఆమోదమైన అసెస్‌మెంట్ కట్టాల్సిందే. కొన్నిచోట్ల మీ స్థానంలో కొత్త మెంబర్ వచ్చేదాకా డ్యూస్ నడుస్తాయి. వీసా, గ్రీన్ కార్డు విషయాలు తేలనివాళ్ళు ఓటింగ్‌కి ముందే మెంబర్‌షిప్ డైరెక్టర్‌తో మాట్లాడి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. నోటిమాటకి విలువ లేదు.

ఎన్నాళ్ళు మూస్తారు? తొమ్మిది హోల్స్ చొప్పున చేయకూడదా?

గడ్డిని బట్టి క్యాలెండర్. దక్షిణాదిన బెర్ముడా మొలకలు నాటాల్సింది మే చివరి నుంచి జులై లోపు. బాగా ఎండ ఉంటే రెండు మూడు నెలల్లో ఆడే స్థితికి వస్తుంది. ఉత్తరాన బెంట్ విత్తనం ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా చల్లాలి, ఆడేది మరుసటి ఎండాకాలం మొదట్లో. ఆ గడువు దాటితే నెల ఆలస్యం ఏడాది ఆలస్యం అవుతుంది. అందుకే పర్మిట్లు, ఆర్డర్లు ముందే రావాలి. ఎకరం దాటి మట్టి కదిపితే వాన నీటి (స్టార్మ్‌వాటర్) పర్మిట్, చిత్తడి నేలలో చెయ్యి పెడితే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ అనుమతి కావాలి. ఇవి బోర్డు అనుకున్నంత త్వరగా రావు.

తొమ్మిదేసి చొప్పున చేస్తే మీరు ఆడుతూనే ఉంటారు. కానీ కాంట్రాక్టర్ రెండుసార్లు మిషన్లు తెచ్చి దించాలి, గడ్డి రెండు వయసుల్లో ఉంటుంది, రెండేళ్ళపాటు టెంపరరీ గ్రీన్స్, దుమ్ము, గొణుగుడు. నేనైతే ఒకేసారి మూసేయమంటాను. ఆ కాలానికి పక్క క్లబ్బులతో ఆడుకునే ఒప్పందం, డ్యూస్‌లో తగ్గింపు, క్యాడీలకీ రెస్టారెంట్ సిబ్బందికీ ఏం చేస్తారన్నది ప్లాన్‌లో రాయించండి. చివరి దాన్ని చాలా బోర్డులు మర్చిపోతాయి. తెరిచేనాటికి మంచి వంటవాడు పక్క క్లబ్‌లో చేరిపోయి ఉంటాడు.

మా ఇల్లు ఫెయిర్‌వే మీదే ఉంది. ఇబ్బందా?

దుమ్ము, ట్రక్కులు, పొద్దున్నే ఏడింటికి రివర్స్ గేర్ బీప్‌లు కొన్ని నెలలు తప్పవు. శాశ్వతంగా చూసుకోవాల్సింది వేరు: టీ జరిగినా, చెట్టు తీసినా బంతులు వెళ్ళే దారి మారుతుంది. ప్లాన్ మీద మీ ఇంటి చోటు గుర్తుపెట్టి, ఆ హోల్ టీ దగ్గర నిలబడి ఆర్కిటెక్ట్‌నే అడగండి. అలాగే వాన నీళ్ళు మీ పెరటివైపు మళ్ళించడం లేదు కదా అని కూడా.

తెరిచిన వెంటనే కోర్సు అద్భుతంగా ఉంటుందా?

ఫొటోల్లో ఉంటుంది. కొత్త గ్రీన్స్ మొదటి ఏడాది రాయిలా గట్టిగా ఉంటాయి, మంచి షాట్ కూడా ఎగిరి వెనక్కి వెళ్తుంది. గడ్డి వేళ్ళ పొర పట్టేదాకా అంతే. బంకర్లలో కొత్త ఇసుక సర్దుకోక బంతి సగం కూరుకుపోతుంది. మొదటి పెద్ద వానకి ఎక్కడో ఒకచోట పక్కనున్న గడ్డి పలక జారుతుంది. సూపరింటెండెంట్ మిషన్ కత్తిని ఎత్తుగానే ఉంచుతారు కాబట్టి గ్రీన్స్ నెమ్మదిగా ఉంటాయి. అప్పుడు స్పీడు పెంచమని ఆయన మీద ఒత్తిడి పెట్టేవాళ్ళు ప్రతి క్లబ్‌లో ఉంటారు. దయచేసి వాళ్ళలో కలవకండి.

తెరవడానికి ముందే కాంట్రాక్టర్ నుంచి రెండు తీసుకోవాలి. ఒకటి రాతపూర్వకమైన గ్యారంటీ. రెండోది ప్రతి పైపూ, వాల్వూ, వైరూ నిజంగా ఎక్కడ వేశారో జీపీఎస్‌తో గీసిన మ్యాపు. డిజైన్‌లో గీసిన చోటే పైపు ఉంటుందని అనుకోవద్దు, రాయి అడ్డొస్తే పక్కకి తిప్పేస్తారు. ఆ మ్యాపు చేతికి వచ్చేదాకా చివరి చెక్కు ఆపమని బోర్డుకి చెప్పండి.